తెల్లమచ్చ వచ్చిందని ముందు చెప్పేదెవరు?

నెల్లూరు తీరంలో రొయ్యల రైతు జాతకం చెక్‌ట్రేలో తేలుతుంది. మేత చల్లిన గంటన్నర, రెండు గంటలకు ఆ ట్రేను నీళ్లలోంచి పైకి లాగుతాడు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు శుభ్రంగా ఉందా అని వెలుతురుకు ఎత్తి చూస్తాడు. ఒకరోజు మేత మిగులుతుంది. మర్నాడు నాలుగైదు రొయ్యలు గట్టు వారకు వచ్చి నీరసంగా తిరుగుతుంటాయి. పట్టుకుని తల పెంకు ఒలిచి చూస్తే తెల్లటి చుక్కలు. వాటి అర్థం ఏమిటో కోటలో, ముత్తుకూరులో, ఇందుకూరుపేటలో, విడవలూరులో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. తెల్లమచ్చ వైరస్ సోకిన గుంట మూడు నుంచి పది రోజుల్లో మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. దానికి మందు లేదు.

అక్కడి నుంచి రైతు చేతిలో ఉన్నవి గంటలే. కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఎంతున్నా సరే అని వల వేసి దొరికినంత పట్టేయొచ్చు. పిల్ల మరీ చిన్నదైతే నీటిలో బ్లీచింగ్ పౌడర్ కలిపి, తూములు బిగించి, వైరస్ చచ్చేదాకా చుక్క నీరు బయటికి పోకుండా ఆపొచ్చు. లేదంటే ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి నీరు తీసేయొచ్చు. బ్లీచింగ్‌కు డబ్బు కావాలి, గుంట ఖాళీగా ఉన్నన్నాళ్లూ కౌలు నడుస్తూనే ఉంటుంది. రాత్రిపూట తూము ఎత్తడానికి ఖర్చేమీ లేదు. ఖర్చంతా పక్కవాడిది. ఎందుకంటే ఆ నీరు పోయేది కండలేరు పాయలోకో, ఉప్పుటేరులోకో, బకింగ్‌హాం కాలువలోకో. కాస్త అవతల మరో మోటారు అదే నీటిని మరో గుంటలోకి తోడుతూ ఉంటుంది.

రొయ్యల సాగు మీద ప్రభుత్వం పెట్టిన తెలివితేటలు తక్కువేమీ కాదు. కానీ అవి విత్తనం దాకా వచ్చి ఆగిపోయాయి. గట్టు మీద నిలబడి, తూము ఎత్తాలా వద్దా అని రైతు ఆలోచించే ఆ కొద్ది గంటల మీద ఎవరూ దృష్టి పెట్టలేదు. ఈ రంగంలో ఇక రావలసిన ఆవిష్కరణ అక్కడే ఉంది.

విత్తనం కథ ముందు చెప్పుకోవాలి. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్య జోరు. పడావు పడిన ఉప్పు నేలలకు ధర పలికింది, కంపెనీలు దిగాయి, బ్యాంకులు అప్పులిచ్చాయి. తూర్పు ఆసియాలో 1992-93లో బయటపడిన తెల్లమచ్చ 1994 చివరికల్లా ఇక్కడికి చేరింది. ఆ దెబ్బకు ఎండిపోయిన గుంటలు, తుప్పు పట్టిన ఏరేటర్లు చాలా ఏళ్లపాటు తీరం పొడవునా కనిపించాయి. బీమా కంపెనీలు రొయ్య పంటకు దాదాపు దూరమయ్యాయి. ఈలోగా, తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగిలిన రొయ్యల చెరువులన్నీ తొలగించాలని, సాగును నియంత్రించడానికి ఒక అథారిటీ ఉండాలని ఆదేశించింది. ఆ వివాదం చివరికి 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంగా తేలింది.

టైగర్ రొయ్యకు అప్పట్లో తల్లి రొయ్య సముద్రంలోంచే రావాలి. సముద్రంలో పట్టిన తల్లికి వైరస్ ఉందో లేదో ముందే చెప్పలేం. నూటికి నూరుపాళ్లు రోగరహితంగా తరతరాలుగా పెంచిన తల్లి రొయ్యలు అమెరికాలో ఉన్నాయి, కానీ అవి వేరే జాతి, పసిఫిక్ తీరానికి చెందిన వనామీ. పరాయి జాతిని తెస్తే దాంతోపాటు ఏ కొత్త రోగం వస్తుందోనని ప్రభుత్వం భయపడింది. భయపడడం న్యాయమే. అందుకే తొందరపడలేదు. 2003లో నెల్లూరు జిల్లాకే చెందిన రెండు సంస్థలకు ప్రయోగాత్మకంగా అనుమతి ఇచ్చింది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లాభనష్టాలు లెక్కగట్టారు. 2009లో తలుపు తెరిచారు. ఆ తలుపు నిజంగానే ఉంది. చెన్నై నీలాంకరైలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థకు చెందిన రాజీవ్‌గాంధీ జలచరాల సాగు కేంద్రం క్వారంటైన్ నడుపుతోంది. విదేశం నుంచి వచ్చే తల్లి వనామీ రొయ్య ముందు అక్కడ ఆగాలి, పరీక్షల్లో నెగ్గాలి, ఆ తర్వాతే హేచరీకి వెళ్లాలి.

ఏ ప్రైవేటు హేచరీ అయినా సొంత డబ్బుతో ఇలాంటి క్వారంటైన్ కట్టదు. కట్టినా, పక్క హేచరీ కట్టకపోతే ఫలితం సున్నా. ఆర్థికవేత్త మరియానా మజ్జుకాటో 2013లో ప్రచురించిన పుస్తకంలో వాదించింది ఇదే. కొత్త పరిశ్రమలకు మొదటి రిస్కు తీసుకునేది తరచుగా ప్రభుత్వమేనని, ఆ పేరు మాత్రం ప్రైవేటు రంగానికి పోతుందని. ఇక్కడ అచ్చం అలాగే జరిగింది. 2024-25లో దేశం నుంచి రూ.62,408 కోట్ల విలువైన 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి అయ్యాయి. అందులో గడ్డకట్టించిన రొయ్యల వాటానే రూ.43 వేల కోట్లకు పైగా. దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రప్రదేశే పెద్ద దిక్కు. ఈ డబ్బు వెనక రైతు చెమట ఎంత ఉందో, నీలాంకరై ట్యాంకుల్లో జరిగిన పరీక్షలకూ అంత పాత్ర ఉంది.

అయితే ఒక అపోహ కూడా అప్పుడే మొదలైంది. రోగరహిత విత్తనం అంటే రోగం రాని విత్తనం అని చాలామంది అనుకున్నారు. రెంటికీ పొంతన లేదు. హేచరీ గడప దాటేటప్పుడు పిల్లలో వైరస్ లేదని మాత్రమే ఆ మాట హామీ. గుంటలో పడ్డాక పీతలు, పక్షులు, పక్క గుంట నీరు, పాత బురద, వీటిలో దేని నుంచైనా రోగం అంటుకోవచ్చు. తెల్లమచ్చ పోలేదు, ఈశాన్య రుతుపవనాల చల్లదనంలో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. దానికి తోడు ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి వచ్చి పడింది. అది చంపదు, ఎదగనివ్వదు. వంద రోజులు మేత తిని కూడా కౌంట్ రాని రొయ్యను చూసి రైతు కుమిలిపోతాడు. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే మరి.

ఇక్కడి నుంచి విషయం జీవశాస్త్రం దాటి మనిషి దగ్గరికి వస్తుంది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమాన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లో ఒక సిద్ధాంతం చెప్పారు. వంద రూపాయలు వచ్చినప్పటి సంతోషం కన్నా వంద పోయినప్పటి బాధ చాలా ఎక్కువ. అంతేకాదు, లాభంలో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండే మనిషి నష్టంలో పడ్డాక పెద్ద పెద్ద పందేలకు సిద్ధపడతాడు. కానెమాన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. వారి ప్రయోగాల్లో రొయ్యలు లేవు గానీ, నెల్లూరు తీరంలో ఏటా కనిపించేది ఇదే. మొదటి పంట పోయిన రైతు గుంటను పూర్తిగా ఎండబెట్టి, బురద తీసి, నెల ఆగి సీడ్ వేయాలి. వేయడు. పోయింది రాబట్టుకోవాలన్న తపనతో నీరు పెట్టేస్తాడు, ఈసారి పిల్లను ఇంకాస్త ఒత్తుగా వేస్తాడు. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించకూడదని మార్గదర్శకాలు ఉన్నాయి. అప్పు గుర్తొచ్చినప్పుడు మార్గదర్శకం గుర్తుకు రాదు.

దీన్ని మొండితనమని, దురాశ అని కొట్టిపారేయడం తేలిక. అది అన్యాయం కూడా. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం తమిళనాడు చెరకు రైతుల మీద జరిగింది. అదే రైతుకు కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోత తర్వాత డబ్బు వచ్చాక ఒకసారి బుద్ధి పరీక్షలు పెట్టారు. డబ్బు లేనప్పుడు మార్కులు తగ్గాయి. మనిషి మారలేదు, చదువు మారలేదు, ఇబ్బంది బుర్రలో చోటు ఆక్రమించింది. చక్కెర మిల్లు డబ్బు కోసం ఎదురుచూసే చెరకు రైతు పరిస్థితే అలా ఉంటే, కౌలు ముందే కట్టి, మేత డీలరు దగ్గర అరువు పెట్టి, కరెంటు పోతే రాత్రి డీజిల్ కోసం పరిగెత్తే రొయ్యల రైతు సంగతి ఊహించవచ్చు. అలాంటి మనిషి తెల్లవారుజామున మూడు గంటలకు తీసుకునే నిర్ణయం మీద వేలకోట్ల ఎగుమతి ఆధారపడి ఉంది.

రోగం వచ్చిన సంగతి చెప్పడం అలాంటి నిర్ణయాలన్నిటిలోకీ కష్టమైనది. చెబితే ఏమవుతుందో రైతుకు తెలుసు. కొనుగోలు ఏజెంటుకు చెవిన పడితే రేటు అక్కడికక్కడే దిగుతుంది. మేత డీలరు బాకీ కోసం కబురు పెడతాడు. వచ్చే ఏడాది కౌలుకు ఇవ్వాలా వద్దా అని గుంట యజమాని ఆలోచనలో పడతాడు. చెప్పినందువల్ల లాభం మాత్రం ఎవరిది? మోటారు ఆపుకుని గుంట కాపాడుకున్న పక్కవాళ్లది. నష్టమంతా చెప్పినవాడికి, లాభమంతా విన్నవాడికి ఉన్న చోట నిజం బయటికి రావాలని కోరుకోవడం అత్యాశ.

ప్రభుత్వానికి ఈ సంగతి బొత్తిగా తెలియదనలేం. జలచరాల రోగాల మీద జాతీయ నిఘా కార్యక్రమం 2013 నుంచి ఉంది. 2023 జూన్‌లో కేంద్ర మత్స్యశాఖ ‘రిపోర్ట్ ఫిష్ డిసీజ్’ అనే మొబైల్ యాప్ కూడా విడుదల చేసింది. రైతు ఫొటో తీసి పంపితే శాస్త్రవేత్తలు సలహా ఇస్తారు. మంచి ఆలోచనే, అభినందించాల్సిందే. కానీ యాప్ తీసేసింది ఫోన్ చేసే శ్రమను మాత్రమే. రైతును ఆపుతున్నది ఆ శ్రమ కాదు. ఏజెంటు భయం, అప్పు భయం యాప్‌లో ఏ బటన్ నొక్కినా పోవు.

రోగాన్ని దాచకుండా చెప్పేలా చేసే పనిని ఇదే జిల్లాలో ప్రభుత్వం సరిగా చేసిన సందర్భం ఒకటి ఉంది. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బ కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడింది. పశుసంవర్ధక శాఖ కదిలింది, చుట్టుపక్కల కోళ్లను చంపి పూడ్చిపెట్టారు, రవాణా ఆపారు. బర్డ్ ఫ్లూ విషయంలో దేశమంతటా ఒక నియమం ఉంది. రోగం అదుపు కోసం అధికారులు చంపిన కోడికి పరిహారం ఇస్తారు, ఆ ఖర్చు కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. అంతకుముందే రోగంతో చచ్చిపోయిన కోడికి పైసా రాదు. ఈ రెండో వాక్యంలోనే కిటుకంతా ఉంది. దాచిపెట్టి ఆలస్యం చేసినకొద్దీ చచ్చే కోళ్లు పెరుగుతాయి, పరిహారం తగ్గుతుంది. ముందు చెప్పినవాడికే మేలు. మనిషి స్వభావాన్ని గౌరవించి రాసిన నియమం అది. కోటలో గుంట మీద తెల్లమచ్చ చూసిన రైతుకు అలాంటి భరోసా లేదు. కాస్త దూరంలో కోడికి వర్తించిన న్యాయం రొయ్యకు ఎందుకు వర్తించదో జవాబు చెప్పాల్సింది మత్స్యశాఖలే.

పరిహారం అనగానే ఖజానా మీద భారం, దొంగ లెక్కలు అన్న అభ్యంతరాలు వస్తాయి. ఆ అనుమానం సహేతుకమే. పోయిన రొయ్యకు మార్కెట్ ధర కట్టివ్వమని ఎవరూ అడగడం లేదు. పీసీఆర్ పరీక్ష చేసిన సీడ్ వేసి, రిజిస్ట్రేషన్ ఉన్న రైతు, చనిపోవడాలు మొదలైన ఒకటి రెండు రోజుల్లో కబురు చేస్తే, ల్యాబ్ నిర్ధారించాక, బ్లీచింగ్ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. నీరు బయటికి వదలకుండా గుంట మూసి ఉంచిన రోజులకు కౌలులో కొంత భాగం ఇవ్వాలి. పరీక్ష కొన్ని గంటల పనే. ఒక గుంట బ్లీచింగ్‌కు అయ్యే ఖర్చు, ఆ కాలువ మీదున్న మిగతా గుంటలు మునిగితే పోయేదాని ముందు లెక్కలోకి రాదు. కబురు ఎవరు చేశారన్నది గోప్యంగా ఉంచి, ఫలానా కాలువ నీరు ఇన్ని రోజులు తోడొద్దని మాత్రమే చుట్టుపక్కల ఫోన్లకు సందేశం పంపాలి. ఏజెంటుకు పేరు తెలియనక్కర్లేదు.

భయపెట్టి పని జరిపించే పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో చూశాం. 2005 చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉండేది. దానివల్ల సాగు ఆగలేదు, రైతు అధికారి కంట పడకుండా తిరగడం నేర్చుకున్నాడు. 2023 సవరణలో ఆ జైలు శిక్ష తీసేసి జరిమానాలు పెట్టారు. సరైన అడుగు. భయం తీసేశాక నమ్మకం పెట్టాలి కదా, ఆ రెండో అడుగే ఇంకా పడలేదు.

నమ్మకం పెడితే ఏమవుతుందో ఆంధ్ర తీరంలోనే రుజువుంది. టైగర్ రొయ్య కాలంలో, 2000 నుంచి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, ఆసియా పసిఫిక్ దేశాల ఆక్వాకల్చర్ కేంద్రాల సమాఖ్య కలిసి వందలాది చెరువుల్లో రోగం ఎందుకు వస్తోందో పంట పొడవునా పరిశీలించాయి. ఆ పాఠాలతో 2003లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో యాభై మందికి పైగా రైతులు ఒక ఆక్వా క్లబ్‌గా కూడారు. వందకు పైగా చెరువులు. అందరూ ఒకే సమయంలో సీడ్ వేశారు, హేచరీతో కలిసికట్టుగా మాట్లాడుకుని పరీక్ష చేయించిన పిల్లనే తెచ్చుకున్నారు, రోగం కనబడితే ఒకరికొకరు చెప్పుకుని నీటి మార్పిడి ఆపారు. రోగాలు తగ్గాయి, ఖర్చూ తగ్గింది. ఆ అనుభవం మీదే 2007లో కాకినాడ కేంద్రంగా జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రం ఏర్పడింది. వనామీ వచ్చి లాభాలు కళ్ల ముందు ఆడాక, క్లబ్బులకు ఇచ్చిన ప్రాధాన్యం ఏరేటర్లకూ ప్రోబయోటిక్స్‌కూ పోయింది. క్లబ్బులో కొత్త యంత్రమేమీ లేదు కాబట్టి దాన్ని ఆవిష్కరణగా ఎవరూ గుర్తించలేదు. ఇది పెద్ద పొరపాటు.

పదిమంది కలిసి ఒక అలవాటును నిలబెట్టుకునే ఈ విద్య నెల్లూరు జిల్లాకు కొత్తదేమీ కాదు. కలిగిరి మండలం దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో జిల్లాను ఊపేసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలినప్పుడు దాన్ని ఎలా నిలపాలన్న ప్రశ్నకు జిల్లా యంత్రాంగం, మహిళలు కలిసి వెతికిన జవాబు పొదుపులక్ష్మి. రోజుకో రూపాయి, ఊళ్లో సాటి ఆడవాళ్ల ఎదుట. పొదుపు మీద ఉపన్యాసం ఇవ్వలేదు, వడ్డీ రేటు పెంచలేదు. రూపాయి చిన్నది కాబట్టి మోయగలిగారు, పదిమంది చూస్తారు కాబట్టి మానలేకపోయారు. చిన్న చిన్న ఏర్పాట్లతో మనుషుల నిర్ణయాలను మంచివైపు మళ్లించవచ్చని చెప్పే ‘నడ్జ్’ పుస్తకాన్ని రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ రాసింది 2008లో. అప్పటికి నెల్లూరు ఆడవాళ్లు పదిహేనేళ్లుగా ఆ పని చేస్తున్నారు. ఆ రూపాయి పొదుపు రాష్ట్రమంతటా డ్వాక్రా సంఘాలకు ఊపునిచ్చింది.

కేంద్ర ఆర్థిక సర్వే 2018-19లో ప్రవర్తనా అర్థశాస్త్రానికి ఒక అధ్యాయం కేటాయించి, విధానాలు లెక్కల మనుషుల కోసం కాక మామూలు మనుషుల కోసం ఉండాలని చెప్పింది. రొయ్య బీమా విషయంలో ఆ మాట పాటించాల్సిన సమయం ఇది. ఇటీవల కొన్ని కంపెనీలు మళ్లీ పాలసీలతో వస్తున్నాయి. ప్రీమియం ఎప్పుడు అడుగుతారన్నది ప్రీమియం ఎంత అన్నంత ముఖ్యం. కెన్యాలో ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో బృందం చేసిన ప్రయోగంలో, కోత అయిన వెంటనే చేతిలో డబ్బున్నప్పుడు ఎరువును చిన్న రాయితీతో ఇంటికి చేరుస్తామంటే, తర్వాత సీజన్‌లో ఇచ్చిన సగం ధర సబ్సిడీకి సాటిగా రైతులు కొన్నారు. మన రాష్ట్రంలోనే, ఉమ్మడి రోజుల్లో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో వర్షాధార బీమాపై జరిగిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. రైతుకు పరిచయమున్న సంస్థ మనిషి పక్కనుండి మాట సాయం చేస్తే పాలసీలు ఎక్కువ అమ్ముడయ్యాయి. కాబట్టి సీడ్ వేసేటప్పుడు, జేబు ఖాళీగా ఉన్నప్పుడు కాకుండా, పట్టుబడి డబ్బు వచ్చిన రోజునే వచ్చే పంట ప్రీమియం జమయ్యేలా చూడాలి. వద్దనుకున్నవాడు వద్దని రాసిస్తే చాలు. అడిగే మనిషి అపరిచితుడైన ఏజెంటు కాకుండా ఆక్వా క్లబ్ మనిషి అయితే మేలు.

ఇప్పుడే ఇదంతా ఎందుకంటే, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు తీరంలో ధరలు ఎలా కుప్పకూలాయో అందరూ చూశారు. మన రొయ్యకు అమెరికాయే పెద్ద కొనుగోలుదారు. ధర పడినప్పుడల్లా రైతు మిగులు సన్నబడుతుంది, మిగులు సన్నబడితే రోగాన్ని దాచాలన్న ఒత్తిడి పెరుగుతుంది, భయంతో యాంటీబయోటిక్స్ వాడే చేతులు పెరుగుతాయి. ఐరోపా సమాఖ్య 2016లో మన సాగు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది ఆ యాంటీబయోటిక్స్ అవశేషాల వల్లే. అంతర్జాతీయ ధర మన చేతిలో లేదు. కండలేరు పాయ మీద ఎవరి గుంటలో ఏముందో అందరికీ సకాలంలో తెలియడం మన చేతిలో ఉంది.

వేసవి పంటకు సీడ్ వేసే హడావిడి సంక్రాంతి దాటాక మొదలవుతుంది. ఆలోగా రాష్ట్ర మత్స్యశాఖ, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ కూర్చుని, కండలేరు పాయ వెంట ఉన్న గుంటల్లోనైనా ప్రయోగంగా, ముందు కబురు చేసిన రైతుకు బ్లీచింగ్ ఖర్చు, కౌలు సాయం ఇస్తామని ఉత్తర్వు వెలువరించాలి. ఒక పంట నడిపి లెక్కలు బయటపెట్టాలి. నీలాంకరైలో తల్లి రొయ్య కోసం చూపిన ఓర్పు, శ్రద్ధ ఇక్కడ గట్టు మీదున్న రైతుకూ దక్కాలి.